బొలెరో నియో ఎన్10 ఆప్షనల్: బురదల బంగారం, మలుపుల మామూలే

మా దిక్కు మహీంద్రా బొలెరో నియో తీసుకుందామనుకునే ప్రతోడు అడిగేది ఒకటే, ఎన్10 మోడల్ కు ఎన్10 ఆప్షనల్ మోడల్ కు తేడా ఏందన్నా, ఆ ఎక్కువ పైసలు పెట్టుడు అవసరమా అని. పైకి చూస్తే ఏం తెల్వదు. అసలు తేడా అంతా బండి కింద, వెనుక ఇరుసు హౌసింగ్ లోపల ఉంటది. ఆప్షనల్ ల కంపెనీ వాళ్ళు మల్టీ టెరైన్ టెక్నాలజీ అని పెద్ద పేరు పెట్టి మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ ఇచ్చిన్రు, ఈటన్ అనే బండి భాగాల కంపెనీ తయారీ. నేను బండి చూడపోయిన షోరూంల పిలగాడు దాన్ని ఎట్ల చెప్పిండంటే, "సార్ ఇది ట్రాక్షన్ కంట్రోల్ లెక్కనే, మలుపులల్ల గూడ బండి జారదు" అన్నడు. ఆ ఒక్క మాట మీదనే ఇంత పొడుగు రాస్తున్న. ఎందుకంటే ఇది ట్రాక్షన్ కంట్రోల్ (జారే చక్రానికి తనంతట తనే బ్రేక్ పట్టే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) కాదు, మలుపుల జారుడు ఆపదు, కానీ దీన్ని ఏ పనికి పెట్టిన్రో ఆ పని మాత్రం మస్తు చేస్తది.

బండి గురించి రెండు ముక్కలు. 2021 జులైల వచ్చింది, అంతకుముందు టీయూవీ300 అని ఉండె గదా, దానికే కొత్త మొఖం కొత్త పేరు. మూడు సిలిండర్ల 1.5 లీటర్ డీజిల్, 100 హార్స్‌పవర్, 260 ఎన్ఎం టార్క్, 5 గేర్ల మాన్యువల్, లాడర్ ఫ్రేమ్ బండి, పవర్ వెనుక చక్రాలకే పోతది. ఫోర్ బై ఫోర్ కాదు, ఈ ముక్క యాదిల పెట్టుకోండ్రి, ముందట పనికొస్తది. మైలేజు, టచ్ స్క్రీను, ఏసీ గురించి చెప్పేటోళ్ళు మస్తు మంది ఉన్నరు, నేను చెప్ప. లాస్ట్ ల ఎదురెదురు సీట్లల్ల చిన్న పిలగాళ్ళయితే ఓకే, పెద్దోళ్ళకు మోకాళ్ళు తగులుతయి, అంతే.

ఇగ అసలు సంగతి. మలుపు తిరిగేటప్పుడు బయటి దిక్కు చక్రం ఎక్కువ దూరం పోవాలె, లోపలి దిక్కుది తక్కువ. రెండు ఒకే స్పీడుతోని తిరిగితే ఏదో ఒకటి రోడ్డుకు రాసుకుంటది, అందుకే మధ్యల డిఫరెన్షియల్ పెట్టి వేరువేరు స్పీడుల తిరగనిస్తరు. ఇంతవరకు అందరికి తెలిసిందే. కానీ మామూలు డిఫరెన్షియల్ గురించి అందరు చెప్పేది "జారే చక్రానికే పవర్ అంతా పోతది" అని, అది సరిగ్గ కాదు. అది ఎప్పుడు చూసినా రెండు చక్రాలకు సమానం టార్కే (తిప్పే బలం) ఇస్తది, దాని రోగం కూడ అదే. బురదల పడ్డ చక్రం ఎంత తక్కువ బలాన్ని పట్టుకోగలదో, గట్టి నేల మీదున్న చక్రానికి కూడ అంతే అందుతది, ఒక్క రవ్వ ఎక్కువ అందదు. కాడికి కట్టిన రెండెడ్లల్ల ఒకటి కూలవడ్డదనుకోండ్రి, రెండోది ఎంత జోరుగున్నా నాగలి ముందుకు కదలదు, కాడి ఒక దిక్కు తిరుగుతది అంతే. అందుకే ఒక టైరు బురదల గిర్రున తిరుగుతుంటది, ఇంకోటి గట్టి నేల మీద బొమ్మ లెక్క నిలబడి ఉంటది, మనం లోపల కూసొని ఆక్సిలేటర్ తొక్కి తొక్కి గుంత లోతు చేస్తుంటం.

ఈ లాకింగ్ డిఫరెన్షియల్ లోపల ఏముంటదంటే చిన్న గవర్నర్ (స్పీడును బట్టి పనిచేసే ముక్క) ఒకటి, దానికి బరువు ముక్కలుంటయి. వెనుక రెండు చక్రాల మధ్య స్పీడు తేడా నిమిషానికి సుమారు 100 చుట్లు దాటిందంటే ఆ బరువులు బయటికి ఎగిరి ఒక కొక్కానికి తగులుకుంటయి, అది పోయి లోపల క్యామ్ గేర్ ను ఆపుతది, ఆ క్యామ్ పక్కకు నెట్టుకుంట క్లచ్ ప్లేట్లను నొక్కి రెండు యాక్సిళ్ళను ఒక్కటే ఇరుసు లెక్క చేస్తది. సెన్సార్ లేదు, వైరు లేదు, కంప్యూటర్ లేదు, డాష్‌బోర్డ్ మీద బటన్ కూడ లేదు. అన్ని ఇనుప ముక్కలే. గంటకు సుమారు 32 కిలోమీటర్లు దాటితే అదే గవర్నర్ లాక్ కానియ్యదు, ఎందుకంటే స్పీడ్ ల ఉన్నప్పుడు వెనుక ఇరుసు ఒక్కసారి లాక్ అయితే బండి ఎటు పోతదో చెప్పలేం.

ట్రాక్టర్ నడిపినోళ్ళకు ఇది కొత్త ముచ్చట కాదు. పొలం దమ్ము చేసేటప్పుడు ఒక పెద్ద టైరు దిగబడితే మడమతోని డిఫరెన్షియల్ లాక్ పెడల్ తొక్కుతరు గదా, అదే పని. అక్కడ మనం తొక్కాలె, మలుపు తిప్పేముందు యాది పెట్టుకొని వదలాలె. ఇక్కడ అదే పట్టుకుంటది, జారుడు ఆగి లోడ్ తగ్గినంక లేకపోతే ఆక్సిలేటర్ వదిలినంక అదే విడుస్తది. చాలామంది దీన్ని ఎల్ఎస్‌డీ అనేస్తున్రు, లిమిటెడ్ స్లిప్ అంటే కొంత జారుడు ఉండనిచ్చుకుంట టార్క్ ను గట్టి చక్రానికి మళ్ళించేది, ఇది ఫుల్ లాక్. చుట్టాలే గానీ ఒక్కటి కాదు. రోడ్డు మీద తేడా అక్కడనే వస్తది, అది తర్వాత చెప్త.

మా చేను ములుగు నుంచి రామప్ప పొయ్యే దిక్కు, మిర్చి ఏస్తం. మెయిన్ రోడ్డు దిగినంక బండ్లబాట, సగం ఎర్ర చెల్క సగం నల్లరేగడి, మధ్యల ఒక ఒర్రె అడ్డం ఉంటది. వానకాలం ట్రాక్టర్లు తిరిగి తిరిగి బాటకు రెండు దిక్కుల లోతు గాడ్లు పడ్తయి, కారు పోవాలంటే ఒక దిక్కు టైరు గాడిల ఇంకో దిక్కు టైరు గెట్టు మీద పెట్టుకొని పోవాలె. అంటే ఒక చక్రం కింద బురద, ఒక చక్రం కింద గడ్డి నేల, ఈ డిఫరెన్షియల్ ను చేసిందే ఇట్లాంటి జాగ కోసం. ఒర్రె దాటేటప్పుడు కూడ అంతే, అడ్డం దిగితే వెనుక ఒక చక్రం గాల్లకు లేస్తది, మామూలు బండి అక్కడనే ఆగిపోతది, ఇది ఎక్కి పోతది.

అయితే దాన్ని ఎట్ల తొక్కాల్నో తెలవాలె. మనకు అలవాటేందంటే చక్రం తిరుగుడు షురువు కాంగనే భయంతోని కాలు తీస్తం. ఇక్కడ కాలు తీస్తే అది లాక్ కాదు, తేడా 100 చుట్లకు రావాలె గదా, అంటే జారే చక్రం సెకనుకు చుట్టున్నర కన్న కొంచెం ఎక్కువ తిరగాలె. కాబట్టి ఫస్ట్ గేర్, ఆక్సిలేటర్ ఒక్క తీరుగ పట్టుకోవాలె, ఎక్కువ గాదు తక్కువ గాదు. చక్రం గిర్రుమంటది, కింద టక్కుమని ఒక చప్పుడొస్తది, బండి కొద్దిగ ఊగుతది, ఆ వెంటనే ముందుకు గుంజుకుంటది. ఆ చప్పుడు విని మా అమ్మ ఏమో ఇరిగిందిరా అని కిందికి దిగుత అన్నది. ఏం ఇరగలే, అది పట్టుకున్న చప్పుడు. మస్తు మంది "నా బండిల అది పనిచేస్తలేదు" అనేది కూడ ఇందుకే, లాక్ అయ్యేలోపే కాలు తీస్తున్రు.

ఇగ దీనికి చేతకాని జాగలు. రెండు వెనుక చక్రాలు కలిసి మెత్తటి రేగడిల పడ్డయనుకోండ్రి, స్పీడు తేడానే రాదు, లాక్ అయ్యేదుండదు, అయినా లాభం లేదు, రెండు కలిసి గుంత తవ్వుతయి. రేగడి ఇంకో పని చేస్తది, టైరు గాళ్ళల్ల నిండుకుంటది. బండితోని వచ్చే రోడ్డు టైర్లు 215/75 ఆర్15, నాలుగు చుట్లు తిరిగేలోపు ఆ గాళ్ళన్ని నిండి టైరు నున్నగ అయితది, తర్వాత లోపల ఏ డిఫరెన్షియల్ ఉన్నా ఒకటే. కింద హౌసింగ్ మధ్య మట్టి మీద కూసున్నదా, ఇగ ట్రాక్టర్ కు ఫోన్ కొట్టుడే. మేడారం జాతరకు పార్కింగ్ అంతా చేన్లల్లనే ఉంటది, అక్కడ, జంపన్నవాగు దిక్కు ఇసుకల, దీని సాయం కొంత ఉంటది గానీ ఇసుకల అసలు పని చేసేది టైర్ల గాలి తగ్గించుడు. ముందు చక్రాలకు పవర్ లేదన్న సంగతి ఇట్లాంటప్పుడే యాదికొస్తది.

ఇప్పుడు రోడ్డు. ములుగు దాటి 163వ నంబర్ హైవే మీద పస్రా, తాడ్వాయి అడవిల మలుపులున్నయి గదా, అక్కడ 60, 70 మీద పోతుంటే ఈ డిఫరెన్షియల్ ఉన్నదీ లేనిదీ దాదాపు సమానమే. 32 దాటినంక అది లాక్ కాదు, దాదాపు మామూలు డిఫరెన్షియల్ లెక్కనే. కాబట్టి ఎన్10 ఎట్ల తిరుగుతదో ఆప్షనల్ అట్లనే తిరుగుతది, షోరూం పిలగాని మాట ఇక్కడనే తేలిపోతది. బండి ఎత్తు, మలుపుల కొద్దిగ పక్కకు ఒరుగుతది, దాని పద్ధతే అది, మెల్లగ పోవాలె.

అసలైన ఎల్ఎస్‌డీ ఉంటే మలుపుల ఏమైతుండె అంటే, ఇది నాకు ఇష్టమైన ముచ్చట కాబట్టి కొంచెం ఓపిక పట్టండ్రి. మలుపుల బండి బరువు బయటి దిక్కుకు పోతది, లోపలి చక్రం తేలికైతది, ఆ టైంల గట్టిగ తొక్కితే మామూలు డిఫరెన్షియల్ ఉన్న బండిల లోపలి చక్రం ఉత్తగ తిరుగుతది, పవర్ అంతా వేస్ట్. 1930లల్ల ఆటో యూనియన్ రేస్ కార్లు వెనుక 16 సిలిండర్ల ఇంజిన్ పెట్టుకొని తిరుగుతుండె, వాటికి ఇదే బాధ, ఒక వెనుక చక్రం ఆగకుండ తిరుగుడు, అప్పుడు ఫెర్డినాండ్ పోర్షే జెడ్ఎఫ్ వాళ్ళతోని లిమిటెడ్ స్లిప్ చేపిచ్చిండు. ఎల్ఎస్‌డీ ఉంటే ఆ టార్క్ బయటి చక్రానికి పోతది, బయటి చక్రం ఎక్కువ నెడితే బండి మూతి మలుపు లోపలికే తిరుగుతది. ముందు చక్రాల బండ్లకైతే ఇది పెద్ద లాభం, గ్యాస్ ఇచ్చినప్పుడు బయటికి కొట్టుకపొయ్యే గుణం తగ్గుతది, కాకపోతే స్టీరింగ్ చేతిల గుంజుతది. 2025ల మన దేశానికొచ్చిన గోల్ఫ్ జీటీఐ ల ఎలక్ట్రానిక్ గ కంట్రోల్ చేసే అట్లాంటి డిఫరెన్షియలే ముందు ఇరుసుకున్నది.

వెనుక చక్రాల బండికి మాత్రం ఇది రెండంచుల కత్తి. మామూలు డిఫరెన్షియల్ తోని లోపలి చక్రం ఒక్కటే జారుతది, బయటిది రోడ్డును పట్టుకొనే ఉంటది, కాబట్టి వెనుక భాగం పక్కకు పోదు. లాక్ అయినంక రెండు చక్రాలు కలిసి పట్టు వదుల్తయి, రెండు వదిలితే వెనుక భాగం పక్కకు ఊడుస్తది. డ్రిఫ్ట్ కొట్టేటోళ్ళు కావాలని లాక్ చేపిచ్చుకునేది ఇందుకే. మరి మన నియోల ఇది ఎక్కడ తగులుతది అంటే స్పీడ్ ల కాదు, నిదానంల. వాన పడి తడిసిన సిమెంట్ రోడ్డు, హనుమకొండ నయీంనగర్ కాడ యూటర్న్ అనుకోండ్రి, స్టీరింగ్ ఫుల్ గ తిప్పి, సందు దొరికింది గదా అని ఫస్ట్ గేర్ల ఒక్కసారి తొక్కిన్రు. లోపలి చక్రం జారింది, స్పీడు 32 లోపే ఉన్నది, టక్కున లాక్ అయింది. ఇప్పుడు రెండు చక్రాలు ఒకే స్పీడుల తిరుగుతున్నయి కాబట్టి బండి తిరగకుండ ముందుకు నెట్టుకుంటది, ఇంకా తొక్కితే వెనుక పక్కకు జరుగుతది. కాలు తీస్తే విడిచిపెడ్తది, ప్రమాదమేం లేదు, కానీ తెల్వనోడు భయపడ్తడు. సెకండ్ గేర్ల మెల్లగ తిప్పితే ఆ గొడవే ఉండదు.

ట్రాక్షన్ కంట్రోల్ అంటే పూర్తిగ వేరే ఇంట్ల పుట్టింది. ఏబీఎస్ కు (బ్రేక్ గట్టిగ తొక్కినా చక్రం బిగుసుకపోకుండ చూసేది) ప్రతి చక్రం కాడ సెన్సార్ ఉంటది గదా, దాంతోని ఏ చక్రం జారుతుందో చూసి దాని ఒక్కదానికే బ్రేక్ పడ్తది, ఇంజిన్ పవర్ కూడ తగ్గిస్తది. జారే చక్రానికి బ్రేక్ పడితే అది ఆ మేరకు బలాన్ని పట్టుకుంటది, రెండు దిక్కుల సమానం అనే లెక్క ఎట్లనూ ఉన్నది కాబట్టి గట్టి నేల మీదున్న చక్రానికి కూడ అంత బలం అందుతది. తెలివైన పనే. థార్ ఫోర్ బై ఫోర్ ల బ్రేక్ లాకింగ్ డిఫరెన్షియల్ అని రాసేది, ఫోక్స్‌వ్యాగన్ స్కోడా వాళ్ళు ఎక్స్‌డీఎస్ అనేది, పేర్లు ఏవైనా చేసేది బ్రేకులే. ఖర్చు తక్కువ, బరువు లేదు. ఇబ్బంది ఏందంటే ఇంజిన్ నెట్టే బలాన్ని బ్రేకు తింటది, ఎక్కువసేపు బురదల కొట్లాడితే బ్రేకులు వేడెక్కి, కాపాడుకోను అది కాసేపు బందైతది. ఇంజిన్ పవర్ తగ్గించుడు ఇంకో తలనొప్పి, బురదల మనకు ఊపు కావాలె, అది ఊపు చంపుతది.

మా బావది ముందు చక్రాల చిన్న ఎస్‌యూవీ, ట్రాక్షన్ కంట్రోల్, ఈఎస్‌సీ (పక్కకు జారే బండిని సక్కగ పెట్టే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) అన్నీ ఉన్నయి, పేరెందుకు తియ్యి. ఇద్దరం ఒకే బాట మీద పోయినం. తడిసిన ఎర్ర చెల్క ఎక్కుడు దాకా బాగనే వచ్చింది, పసుపు లైటు మిణుకుమిణుకుమంటుంది, ఇంజిన్ మూలుగుతుంది, అయినా ఎక్కింది. రేగడి గాడ్ల కాడికి వచ్చేసరికి ఇంజిన్ పడిపోతుంది, "బావా ఆ బటన్ నొక్కి ట్రాక్షన్ కంట్రోల్ బంద్ చెయ్" అన్న, చేసినంక కొంచెం ఊపు దొరికింది, అయినా ఒర్రె దాటలే, అక్కడనే పెట్టి నా బండి ఎక్కిండు. మిర్చి బస్తాలు కూడ నా బండిలనే తెచ్చినం.

అదే బావ బండి వాపస్ వచ్చేటప్పుడు, వాన పడుతున్న హైవే మీద, బర్రె అడ్డమొస్తే స్టీరింగ్ కొట్టి మల్ల లైన్ లకు తెచ్చుకున్నడు, లోపల ఈఎస్‌సీ ఒక్కొక్క చక్రానికి బ్రేక్ పట్టి బండిని సక్కగ పెట్టింది, బావకు సగం తెల్వనే తెల్వదు. నా బండిల ఆ పని చేసేది ఏం లేదు. నియోల ఏబీఎస్, ఈబీడీ (బ్రేకు బలాన్ని చక్రాలకు పంచేది) ఉన్నయి, కార్నర్ బ్రేకింగ్ కంట్రోల్ అని ఉన్నది, అది మలుపుల బ్రేక్ తొక్కినప్పుడు బ్రేకులను సరి చేసేది మాత్రమే, జారిన బండిని పట్టేది కాదు. 2024ల గ్లోబల్ ఎన్‌క్యాప్ (కార్లను గుద్ది చూసి భద్రతకు స్టార్లిచ్చే సంస్థ) వాళ్ళు టెస్ట్ చేస్తే దీనికి ఒక్క స్టార్ వచ్చింది, ఈఎస్‌సీ లేకపోవుడు గూడ వాళ్ళు చెప్పిన సంగతే. ఇది దాచి రివ్యూ రాసుడు నాకు నచ్చదు. వారానికి మూడుసార్లు హైదరాబాద్ పొయ్యేటోళ్ళు, బండి రోడ్డు దిగనోళ్ళు, మీకు ఈ లాకింగ్ డిఫరెన్షియల్ పైసా పనికి రాదు, ఈఎస్‌సీ ఉన్న ఏ బండైనా తీసుకోండ్రి. చేను, చెరువు కట్ట, గుట్ట కింద ఊరు, కల్లం, ఇవి రోజూ ఉన్నోళ్ళకు మాత్రం నేను ఎన్10 వద్దు ఆప్షనలే తీసుకోండ్రి అంట, ఫోర్ బై ఫోర్ అంత ఖర్చు పెట్టకుండ అందుల సగానికి ఎక్కువ పని ఇది చేసి పెడ్తది.

వాడేటోళ్ళకు కొన్ని ముచ్చట్లు. వెనుక రెండు టైర్లు ఒకే సైజు, ఒకే తీరు అరుగుదల ఉండాలె, ఒకటి కొత్తది ఒకటి పాతది ఏసుకోవద్దు. హౌసింగ్ నూనె మాన్యువల్ ల ఏది రాసి ఉంటే అదే. క్లచ్ ప్లేట్ల ఎల్ఎస్‌డీలకు ఫ్రిక్షన్ మాడిఫయర్ అని ఒక సీసా కలుపుతరు, ఒక గ్యారేజ్ ల నాకు దీంట్ల గూడ అది పోస్తమన్నరు, వద్దని చెప్పి లేచొచ్చిన. అన్నిటికన్న ముఖ్యం జాకీ. వెనుక ఒక చక్రం జాకీ మీద లేపి, ఇంజిన్ స్టార్ట్ చేసి గేర్ ఏసి తిప్పి చూసుడు కొంతమంది మెకానిక్ లకు అలవాటు. మామూలు డిఫరెన్షియల్ బండిల గాల్ల ఉన్న చక్రం ఒక్కటే తిరుగుతది. దీంట్ల తేడా 100 చుట్లు దాటంగనే లాక్ పడ్తది, నేల మీదున్న రెండో చక్రం కూడ తిరిగి బండి జాకీ మీదికెళ్ళి దుంకుతది. పంక్చర్ షాప్ అయినా, సర్వీస్ అయినా, ముందే చెప్పాలె.

ఎన్8 (ఎన్10 కన్న కింది మోడల్) తీసుకొని తర్వాత బయట లాకింగ్ డిఫరెన్షియల్ ఏపిద్దాం అనే ఆలోచన కూడ కొందరికి ఉన్నది. నేనైతే వద్దంట. హౌసింగ్ విప్పినంక క్రౌన్ పినియన్ బ్యాక్‌లాష్ మల్ల (గేర్ల పళ్ళ మధ్య సందు) డయల్ గేజ్ తోని కొలిచి షిమ్ములతోని (పల్చటి రేకులు) సెట్ చెయ్యాలె, అందాజగ బిగిస్తే 60 దాటంగనే వెనుక నుంచి ఊళ పెట్టినట్టు చప్పుడు మొదలైతది, కొన్నాళ్ళకు పళ్ళు పోతయి, వారంటీ సంగతి ఎట్లనూ గోవిందా. ఎన్8 ఇప్పటికే కొన్నోళ్ళు ఆ పైసలతోని నాలుగు ఆల్ టెరైన్ టైర్లు ఏపిచ్చుకోండ్రి, బండ్లబాట మీద సగం పని అవే చేస్తయి.